కుడి పక్కా ఇలాగే

వియారెజ్జో రేవులో విలాస నౌకలు కట్టే యార్డు ఒకటుంది. దాని క్యాంటీన్లో నేను ఇరవై రెండేళ్లు వడ్డించాను. నౌకల నక్షాలు గీసే డెల్ఫో బర్సోటి రోజూ కిటికీ పక్క బల్ల దగ్గరే కూర్చునేవాడు. ఒక ఏడాది మార్చిలో భార్య నోర్మా పోయాక, ఎదుటి కుర్చీలో తన టోపీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. తీయమని ఎవరూ అనలేదు.

ఆయన గీసేది ఓడ ఎముకలు. రేకు ఎంత మందం ఉండాలి, పక్కటెముకలు ఎంతెంత ఎడంలో ఉండాలి, అన్నీ ఆయన లెక్కే. చూడవచ్చినవాళ్లు మాత్రం వడ్రంగి అడెమారో బిగించిన చెక్కపలకల్ని మెచ్చుకుని పోయేవారు. ఎముకలు వాటి వెనకే ఉండిపోయేవి.

నక్షాలో ఎడమ సగమే గీస్తారు. కింద ‘కుడి పక్కా ఇలాగే’ అని రాస్తే చాలు, వెల్డర్లు అద్దంలో బొమ్మలా రెండోవైపు కట్టేస్తారు. ఆ మార్చిలోనే ఒక యజమాని, చిన్న పడవ దించుకోవడానికి కుడి పక్కన తలుపు కావాలన్నాడు. దానికోసం రెండు పక్కటెముకలు కోశారు. కోసిన చోట చుట్టూ గట్టి చట్రం గీయవలసింది డెల్ఫో. గీయలేదు. నక్షా కింద పాత మాటే ఉండిపోయింది.

ఓడ నీళ్లలో దిగడానికి నాలుగు రోజులుందనగా, భోజనం మధ్యలో ఆయన చెంచా ఆగిపోయింది.

“ఉప్పెక్కువైందా, డెల్ఫో గారూ?”

“లేదమ్మా. బాగుంది.” టోపీ కూడా మరిచిపోయి లేచి వెళ్లాడు.

చట్రం గీయలేదని ఆయనే వెళ్లి చెప్పాడట, గంటలో యార్డంతా తెలిసిపోయింది. టోపీకోసం తిరిగొచ్చిన డెల్ఫోని మేనేజరు క్యాంటీను గుమ్మంలోనే పట్టుకున్నాడు. “ఇప్పుడా చెప్పేది? నువ్వు నోరు మూసుకుంటే ఎవడికి తెలిసేది?”

“ఆ తలుపు వెనకే పనివాళ్ల పడకలు సార్. పెద్ద అల తగిలితే అక్కడే చీలుతుంది.”

అడెమారో అయితే మీదికే వచ్చాడు. “రెణ్ణెల్లు పాలిష్ పెట్టానయ్యా! నీకు కుడి కన్ను లేదా?”

“తప్పు నాదే.”

మర్నాడు అడెమారోయే ఆ పలకలన్నీ ఒక్కొక్కటీ విప్పి, ఇంటినుంచి తెచ్చిన దుప్పట్లలో చుట్టిపెట్టాడు. “ఒక్క గీత పడిందా, నీ వీపు చెక్కి బిగిస్తా” అని తిడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం చేపల పులుసు గిన్నెతో డెల్ఫో బల్ల దగ్గరికి వచ్చి, “కూర్చోనా?” అన్నాడు.

డెల్ఫో ఎదుటి కుర్చీలోని టోపీ వంక చూశాడు. “ఇవాళ వద్దులే, అడెమారో.”

అడెమారో పక్క బల్ల దగ్గర ఆయనకెదురుగా కూర్చుని తిన్నాడు.

చట్రం అతికారు, పలకలు మళ్లీ బిగించారు. మూడు వారాలు ఆలస్యంగా, నీళ్లలోకి దించడానికి ఓడను పట్టీలకు వేలాడదీశారు. అతిథుల వేదిక ఎడమవైపు వేశారు. పిలిచినవాళ్లలో డెల్ఫో పేరు లేదు. నేను రొట్టెల బుట్టతో వెనకనుంచి వస్తూ చూశాను: కుడివైపు, ఆ తలుపు కింద, రంగుమీద అరచెయ్యి ఆనించి ఒక్కడే నిలబడి ఉన్నాడు.

ఓడను దీవించడానికి వచ్చిన ఫాదర్ వేదిక వైపు పవిత్రజలం చల్లడం ముగించారు. నేను దగ్గరికెళ్లి, “ఆ పక్క కూడా చల్లండి ఫాదర్” అన్నాను.

“అటెవరున్నారమ్మా?”

“ఒక మనిషున్నాడు.”

ఆయన గిన్నె పట్టుకుని ఓడ చుట్టూ నడిచారు.