చక్రాల పరంజా కింద మనిషి

తొంభైలలో గగన్‌పహాడ్‌లో ఒక కార్ఖానా షెడ్డు కప్పుకు రంగు వేశాను. ఎంత ఎత్తున వేశావని మా వీధివాళ్లు అడిగితే, అక్కడి నుంచి చార్మినార్ కనిపించేదని చెబుతాను. నమ్ముతారు. నెత్తిమీద రేకులుండగా చార్మినార్ ఎక్కడ కనిపిస్తుంది? కనిపించినవి పావురాలు. ఎత్తు కూడా రెండంతస్తుల మేడంత, అంతే. పడితే మాత్రం అది చాలు.

ఇనుప పైపులతో కట్టి, కింద చక్రాలు బిగించిన పరంజా మాది. ఎక్కడ రంగు వేయాలో అక్కడికి నెట్టుకుపోవాలి. పైన నేను, కింద తొండుపల్లి నుంచి సైకిల్ మీద వచ్చే నా జోడీ మనిషి. నాకంటే చిన్నవాడు, పిల్లల తండ్రి, మహా వాగుడుకాయ. చక్రాలకు బ్రేకులు నొక్కి, పరంజాను ఒకసారి ఊపి చూసి, "ఏసిన, ఎక్కు అన్నా" అనేవాడు. ఆ మాట వినందే నిచ్చెన మీద కాలు పెట్టేవాణ్ని కాదు. చేతికందినంత మేర రంగు అయిపోగానే దిగేవాణ్ని. రంగు చుక్కలు పడకుండా నేల మీద పరిచిన గోనెసంచులను వాడు ఎత్తి, కింద గుంతలేమీ లేవని చూసుకుని, అప్పుడు పరంజాను నెట్టేవాడు. మళ్లీ బ్రేకులు, మళ్లీ "ఏసిన, ఎక్కు అన్నా".

మిగతా జట్లవాళ్లు దిగేవాళ్లు కాదు. పైనే ఉండి, కప్పు దూలాలు పట్టి లాక్కుంటూ పరంజాతో సహా జరిగిపోయేవాళ్లు. నేను దిగినప్పుడల్లా, "బాపు మోకాళ్లు మస్తు గట్టిగున్నయ్‌రా" అని నవ్వేవారు. మేస్త్రీ మాత్రం నన్ను చూపించి, "పైలం అంటే గిట్ల ఉండాలె" అనేవాడు. నేను మెడ నిక్కించుకుని నిలబడేవాణ్ని.

జాగ్రత్తా, పాడా! అంతకు ముందటేడే నా భార్య పోయింది. కిరాయి గదికి వెళ్తే పలకరించే గొంతు లేదు. నాతో మనిషన్నవాడు మాట్లాడేది ఆ పరంజా కిందే. దిగితే వాడు ఒక బీడీ ఇచ్చి, పెద్ద బిడ్డ లెక్కల్లో తప్పిందనో, మేక తాడు తెంపుకుందనో చెప్పేవాడు. అందుకోసం దిగేవాణ్ని.

ఆదివారం వాడు చర్చికి పోయేవాడు. ఒక ఆదివారం పని ఆగకూడదని మేస్త్రీ నాకు వేరే మనిషిని ఇచ్చాడు. పొద్దుటి నుంచీ నోరు విప్పలేదు ఆ కొత్తాయన.

"దిగాల్నా?" అన్నాను పైనుంచి.

"ఎందుకు పరేషాన్? గట్లనే కూసో. నేను నూకుత."

దిగి ఎవరితో మాట్లాడాలి? కూర్చున్నాను.

ఆయన ఎత్తి చూడని గోనెసంచి కింద మూత లేని కాలువ ఉంది. చక్రం అందులో దిగబడింది. అరగంట సేపు దూలానికి ఒంటిచేత్తో వేలాడానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. లేదు. పరంజా పక్క స్తంభానికి ఒరిగి ఆగిపోయింది. నేను అడ్డపైపును కావలించుకుని, నా భార్యను పేరు పెట్టి పిలిచాను. బతికుండగా ఏనాడూ అలా పిలవలేదు.

నవ్వినవాళ్లే పరిగెత్తుకొచ్చి, పరంజాను తాళ్లతో స్తంభానికి కట్టి, వేరే నిచ్చెన వేసి దింపారు.

సోమవారం నా జోడీ మనిషి కాలువను చూశాడు, నన్ను చూశాడు.

"ఏందన్నా, దినాం ఊకూకె దిగుతవు. నిన్న ఏం రోగమొచ్చింది?"

"మోకాళ్లు నొచ్చినయ్."

"నాతోనా ఈ మాట?"

"నువ్వు లేవు గదా," అన్నాను.

వాడు బీడీ వెలిగించి నాకిచ్చాడు. "ఇనుకో. నేను కింద లేకుంటే ఎక్కకు."

తర్వాతి ఆదివారాలు పనికి పోలేదు. గదిలో కూర్చుని సోమవారం కోసం చూసేవాణ్ని. షెడ్డు పూర్తయ్యాక పరంజాను విప్పి, పైపులు లారీకెక్కించారు. వాడు మహేశ్వరం వైపు ఇంకో పనికి పోయాడు. తొండుపల్లి ఎంత దూరం, ఎప్పుడైనా పోయి చూడొచ్చనుకున్నాను. పోలేదు.

మొన్న ముందు గదిలో బల్బు పోయింది. స్టూలు వేసుకుని, కాలు పెట్టబోయి, పక్కకు చూశాను. స్టూలు మళ్లీ మూలకు నెట్టేశాను. ఇల్లు చీకటిగా ఉందేమని ఎదురింటివాళ్లు అడిగితే, వెలుగు నా కళ్లకు పడటం లేదన్నాను.

కళ్లు బాగానే ఉన్నాయి.