మా మరిది రికార్డరు బేరం

మా మరిది ముక్కులో తిప్పిన వేలితోనే లోకాన్నంతా తడిమి చూస్తాడు. పాత టేపు మిషను పాడైతే, కొత్త వీడియో రికార్డరు కొనడానికి నన్నూ తోడికోడలినీ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళినప్పుడూ ఆ వేలితోనే ప్రతి మీటా నొక్కాడు. తోడికోడలు చేతిసంచిలోంచి ఒక వీడియో టేపు తీసింది.

"ఈ టేపు ఆడే మిషనే తీసుకోండి. పోయిన మా అమ్మ మాటలు ఇందులో తప్ప ఇంకెక్కడా లేవు."

అతను టేపు లాక్కుని రికార్డరులో తోశాడు. రికార్డింగు ఎలా ఉంటుందో చూద్దామని వేలు ఎర్ర మీట మీద పెట్టాడు.

"అది నొక్కకు నాయనా," అన్నాను.

"మిషన్ల సంగతి నీకేం తెలుసు వదినా," అంటూ నొక్కేసి, పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డాడు. కాసేపయ్యాక వెనక్కి తిప్పి వేస్తే, ఆ ముసలావిడ మాట్లాడవలసిన చోట దుకాణం టీవీలో వచ్చిన సబ్బు ప్రకటన మోగింది. తోడికోడలు నోరు కొంగుతో మూసుకుంది.

"చూశావా, బొమ్మ అద్దంలా ఉంది. ఇదే ఖాయం," అన్నాడు, వేలు మళ్ళీ ముక్కులోకి పోనిస్తూ.