నా జిమ్మా

యేసుదాసు ఉస్తాద్ పోలీసు కేసుకు భయపడి కుస్తీల అఖాడా మూసేశాడని, కోర్టు చుట్టూ తిరుగుతూ చిక్కిపోయాడని అల్వాల్‌లో చెప్పుకుంటారు. టీ బండి దగ్గర మొదలైన ఈ మాట చర్చి మెట్ల దాకా వచ్చింది.

మిషన్ బడిలో గంట కొట్టి రిటైరైన మనిషి ఆయన. మా గోడ అవతలే అఖాడా. తెల్లారకముందే మట్టి తవ్వి, నువ్వుల నూనె, పసుపు కలిపి కాళ్లతో తొక్కేవాడు. ఆ వాసన మా వంటింట్లోకి వచ్చేది. ఏటా ఈస్టరు మరునాడు అక్కడ కుస్తీలు జరిగేవి. ప్రతి జోడీ తలల మీద ఆయన చిటికెడు మట్టి వేసి, "నా జిమ్మా" అనేవాడు. ఏం జరిగినా బాధ్యత నాదని అర్థం. ఆ మాట విన్నాకే పహిల్వాన్లు చేతులు కలిపేవాళ్లు. మా అన్న లూకా ఆ మాట కోసం కళ్లు మూసుకుని నిలబడేవాడు.

ఒక ఏడు పోలీసు పర్మిషన్ కష్టమైంది. ధర్మరాజు గారనే వకీలు వచ్చి పద్ధతులు చెప్పారు. డాక్టరు ఉండాలి, అంబులెన్సు ఉండాలి, దిగేవాళ్లు తమ బాధ్యత మీదే దిగుతున్నట్టు సంతకాలు పెట్టాలి. ఉస్తాద్ అన్నిటికీ సరేనన్నాడు.

"ఇంకొకటండీ. ఆ జిమ్మా మాట మాత్రం అనకండి. బాధ్యత వాళ్లదని రాయించుకుని, నోటితో నాదంటే ఎలా?"

"గది అలవాటు సార్."

"ఆ అలవాటే రేపు సాక్ష్యమవుతుందండీ."

మా అన్న నవ్వాడు. "పోనీ తీయ్ ఉస్తాద్. ఇన్నేండ్లు మట్టి తినిపించినవ్. జిమ్మా లేకుంటే సుత తింటం."

కుస్తీ రోజు అన్న జోడీ తలల మీద ఉస్తాద్ మట్టి వేశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఈల మోగింది. ఎదుటి పహిల్వాన్, చిన్నబ్బాయి అనేవాడు, కాకినాడ నుంచి కొత్తగా వచ్చాడు, మా పద్ధతి తెలియదు. ఈల వినగానే మీదికి వచ్చి పట్టు వేశాడు. అన్న తల ఇంకా ఉస్తాద్ వైపే తిరిగి ఉంది, మాట కోసం. అలా తిరిగిన మెడ మీదే అన్న నేలకు పడ్డాడు. గోడ మీద నుంచి చూస్తున్నాను నేను.

వకీలు గారు పెట్టించిన అంబులెన్సు లేకపోతే అన్న దక్కేవాడు కాదు. అదీ నిజమే. అన్న దగ్గర మనిషి ఉండాలని నేను బడి మానేశాను. ఇప్పుడు అన్న నడుస్తాడు గానీ మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు.

అఖాడాలో మట్టి గట్టిపడి గడ్డి మొలిచింది. సాయంత్రాలు ఉస్తాద్ వచ్చి, చెప్పులు బయట విడిచి, గడప దగ్గరే నిలబడతాడు. బొటనవేలితో నేలను గీకి, వంగి ఆ మన్ను వాసన చూసుకుంటాడు. లోపలికి పోడు.

మొన్న ఈస్టరుకు అన్న ఆయన పక్కకు పోయి నిలబడ్డాడు.

"తవ్వుదమా ఉస్తాద్? పోరగాళ్లు అడుగుతున్రు."

"తవ్వి ఏం జేస్తం?"

"నువ్వు మట్టి ఏస్తవ్, గా మాట అంటవ్. షురూ అయితది."

ఉస్తాద్ నోరు తెరిచాడు. మళ్లీ మూసి తల దించుకున్నాడు. "నోట్లకెల్లి వస్తలేదు బిడ్డా."

"వచ్చినప్పుడే తవ్వుదం తీయ్."

ఇద్దరూ చీకటి పడేదాకా ఆ గడ్డిని చూస్తూ నిలబడ్డారు.

ఆయన మీద కేసు లేదు. ఆసుపత్రికి వచ్చి పోలీసులు అడిగినప్పుడు అన్న వద్దన్నాడు. మేం పెట్టలేదు.