పక్కింట్లో అన్న వేట సంచి

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరు ఫ్యాక్టరీ యజమాని ఒకాయన ఆఫ్రికాకు వేటకు పోతూ, జీపు చూసుకోవడానికి తన డ్రైవరైన మా అన్నను తీసుకుపోతానన్నాడు. అన్న కాన్వాసు సంచిలో దోమతెర, టార్చిలైటు, బూట్లు, గొంగడి సర్దాడు. బయలుదేరే రోజు మంచిది కాదని అమ్మ ఆ సంచిని ముందే మంచి గడియ చూసి పక్కింట్లో పెట్టించింది. అలా పెడితే ప్రయాణం మొదలైనట్టే. వెళ్లి వచ్చేదాకా సంచి మళ్లీ ఇల్లు చేరకూడదు.

పక్కింటి టీచరమ్మ చర్చికి పోయే మనిషి. "మా ఇంట్ల మీ ముహూర్తం పనిచేస్తదా తమ్మీ?" అని నవ్వింది.

"నేను ఎవరింట్లకెళ్లి బయలెల్లిననో సింహానికేం ఎరుకక్కా!" అన్నాడు అన్న.

చివరికి యజమాని తన బావమరిదిని వెంటబెట్టుకుని పోయాడు. అన్నను వచ్చే ఏడు తీసుకుపోతానన్నాడు. ఆ ఏడూ వచ్చి పోయింది. అన్న మాత్రం ఆదివారం టీచరమ్మ చర్చి నుంచి రాగానే వెళ్లి, సంచి విప్పి, గొంగడి ఎండకు వేసి, బూట్లకు నూనె రాసి, తిరిగి సర్దేవాడు.

ముహూర్తాలను నమ్మడమంటే బుద్ధిని తాకట్టు పెట్టడమేనని నేను సభల్లో గొంతు చించుకునే రోజులవి. ఒకనాడు అన్న అడిగాడు: "గట్లయితే సంచి ఇంటికి తెచ్చుకోవాల్నా?"

తెస్తే ఆ ప్రయాణం ముగిసిపోయినట్టే.

"ఉండనీ అన్నా," అన్నాను.