చలికాలంలో పరుగెత్తిన మంచు

మా తిరుత్తణిలో మంచు అంటే సోడా షాపులో రంపపు పొట్టు దులిపి పగలగొట్టే గడ్డ. ఎండలో పెడితే కరుగుతుంది, నీడలో పెడితే ఉంటుంది. మా ఆఫీసు పెద్దాయనకు హిమానీనదాల గురించి తెలిసింది కూడా అంతే. తిరువళ్లూరులో మందుల షాపు పైనున్న రెండు గదులే మా ఆఫీసు. ఉపగ్రహ రాడార్ చిత్రాలు చూసి, ఉత్తరాది కొండల్లో మంచు ఎంత వేగంగా జారుతోందో లెక్కగట్టి మ్యాపులు పంపుతాం. వాటిని బట్టి, కింద లోయలో రోడ్డు వేసేవాళ్లు గుడారాలు ఎక్కడ వేసుకోవాలో తేల్చుకుంటారు.

పెద్దాయన మ్యాపులకు ఒక జల్లెడ పెట్టించాడు. ఫలానా వేగం దాటిన ప్రతి చుక్కా పొరపాటే, చెరిగిపోవాలి. రాడార్‌లో పొరపాట్లు ఉంటాయి, కాదనను. అయితే అవి చెల్లాచెదురుగా పడతాయి. ఆ జనవరిలో చెరిగిన చుక్కలు అలా లేవు. ఒకటి, హిమానీనదం నడుమ ఒకే పట్టీగా ఉన్నాయి. రెండు, వరుసగా వచ్చిన ప్రతి చిత్రంలోనూ ఉన్నాయి. మూడు, కిందికి పాకుతున్నాయి. జల్లెడ తీసి చూశాను. మంచు పరుగందుకుంది.

"జనవరిలో మంచు యాడ పరిగెత్తుతాదప్పా? ఎండ తగలొద్దా?" అన్నాడు పెద్దాయన.

"ఇది పైన కరిగేది కాదు సార్, అడుగున జారతా ఉండాది. చలికాలంలో అడుగు కాలవలు మూసుకుపోతే, నీళ్లకి దారి లేక మంచునే ఎత్తిపెడతాయి."

"సుమ్మా, ఊరికే కథలు చెప్పొద్దు. క్లయింటుకి మ్యాపు నీట్‌గా ఉండాల. మగ్గం ఇంట్లో పుట్టినోడివే, తెగిన పోగు కనపడకుండా ముడెయ్యడం తెలీదా?"

మా ఇంట్లో ముడి వేస్తారు, నిజమే. పోగే లేదని మాత్రం అనరు.

ఆ సాయంత్రం జల్లెడ పట్టని మ్యాపును నేనే లోయలోని ఇంజినీరుకు పంపి, ఫోన్ చేశాను. గుడారాలు పైకి మార్చమని చెప్పడానికి నా అరకొర హిందీ సరిపోయింది. ఎందుకని ఆయన అడగలేదు. ఎంత పైకి అని అడిగాడు.

కొన్ని వారాలకు మంచు వచ్చి ఏటికి అడ్డం పడింది. వెనక నీళ్లు చేరి, పాత గుడారాల చోటు మునిగింది. ఇంజినీరు ఫొటో పంపాడు. పెద్దాయన దాన్ని వేళ్లతో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూశాడు.

"అంతా నీళ్లే కదప్పా. మంచు యాడొచ్చె?"

ఆయన జనవరి మ్యాపు ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది, నడుమ నున్నగా, ఖాళీగా. వచ్చినవాళ్లు మెచ్చుకుని పోతుంటారు. జల్లెడ పట్టనిది ప్రతి నెలా నేరుగా ఇంజినీరుకే పంపుతున్నాను.