సొయింతు చూసిన పచ్చ మరక

సొయింతు మా పక్కింటి జాలరి కూతురు. చిన్నప్పుడు వాళ్ల కుక్క ఒడ్డున పచ్చనీళ్లు తాగి సాయంత్రానికల్లా చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో చెప్పేవాళ్లు మా సరస్సు చుట్టుపక్కల ఒక్కరూ లేరు. ఆ పిల్ల మాత్రం ఆ ప్రశ్నను వదల్లేదు. ఇప్పుడు హెల్సింకీలో కూర్చుని, ఉపగ్రహాలు తీసే బొమ్మల్లో ఏ సరస్సులో విషపు నాచు పేరుకుంటోందో కనిపెట్టడమే దాని ఉద్యోగం.

మేం ఊరుకుంటామా? "ఏమే, సౌనా ఆవిరి గదిలోంచి మేం దిసమొలతో నీళ్లలోకి దూకడం కూడా కనిపిస్తోందా?" అని ఏడిపించేవాళ్లం.

"మీ పడవే నాకు చుక్కంత కనపడదు, మీరో లెక్కా!" అనేది.

ఈ నడివేసవి పండుగకి నా మనవరాలికి మొదటి సౌనా. మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకీ వేడిరాళ్ల మీద సరస్సు నీళ్లే చల్లి ఆవిరి పట్టాం. బకెట్లతో తోడుతుంటే నీటి మీద పచ్చటి పొడి తేలింది. పైన్ చెట్ల పుప్పొడిలే అనుకుని, చేత్తో పక్కకి నెట్టి ముంచాను. ఏటా ఈ రోజుల్లో మా కిటికీలన్నీ దాంతోనే నిండుతాయి.

అంతలో సొయింతు ఫోను చేసింది.

"అత్తా, సరస్సు నీళ్లు తోడావా?"

"తోడకేం, పొయ్యి కూడా రాజేశా."

"రాళ్ల మీద పొయ్యకు. మధ్యాహ్నం బొమ్మలో మన సరస్సు మధ్య దీవి వెనక పచ్చ మరకుంది. గాలి మీ వైపే."

"పుప్పొడే పిచ్చిదానా! అయినా సౌనా వేడికి బతికేదేముందే?"

"నాచు చస్తుంది, విషం చావదు. ఆవిరితో పసిదాని ఊపిరిలోకి పోతుంది. పుప్పొడే కావచ్చు, పైనుంచి నాకూ తేడా తెలీదు. గాజుగ్లాసులో పోసి గంట ఆగత్తా, పైన ఆకుపచ్చ మీగడ కడితే నాచే."

ఒళ్లు మండింది. "రాళ్లు చల్లారిపోతున్నాయి అత్తయ్యా" అని అల్లుడి సణుగుడొకటి. అయినా గ్లాసు కిటికీలో పెట్టి కాపలా కాశాను. గంటకి నీటి మీద ఆకుపచ్చగా మీగడ కట్టింది. బకెట్లు దూరంగా పారబోసి, కడిగి, బావి నీళ్లు మోశాం.

రాళ్లు చుయ్యిమనగానే బిడ్డ ఒకసారి తుమ్మి, నా ఒళ్లోనే నిద్రపోయింది. సొయింతుకి ఫోను చేశానే గానీ ఏడుపే వచ్చింది.

"నీ మేలు ఎలా తీర్చుకోనే తల్లీ?"

"మా కుక్క చచ్చినప్పుడు చెప్పేవాళ్లు లేకపోయారు కదత్తా" అంది.

మర్నాడు మబ్బు లేదు. రేవు బల్ల మీద నిలబడి, పసిదాని చెయ్యి పట్టుకుని ఆకాశానికేసి ఊపాను. సొయింతుకి మేం చుక్కంత కూడా కనపడమని నాకు తెలుసు. అయినా ఊపాను.