కోటేశ్వరమ్మ అడిగిన తలుపు

నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఇడ్లీలు అమ్మే కోటేశ్వరమ్మ ఎవరిమీదా గొంతు పెంచేది కాదు. నిదానంగా, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూస్తూ మాట్లాడేది. ఆవిడ అడిగినదాన్ని కాదనడం అందుకే కష్టమయ్యేది.

రేపల్లె నుంచి భర్త లక్ష్మణరావుతో ఆవిడ హైదరాబాదు వచ్చింది పందొమ్మిదివందల యాభై ఏడులో. ఆయనకు ఆబిడ్స్‌లో ఒక ప్రెస్సులో అక్షరాలు పేర్చే పని. వెళ్ళిన రోజుకే కూలి, జ్వరమొచ్చి పడుకున్న రోజుకు లేదు. గౌలిగూడలో చిన్న గది. రెండేళ్ళు చూశాక కోటేశ్వరమ్మ ఒక నిర్ణయానికి వచ్చి, బొగ్గుల పొయ్యి, ఇడ్లీ పాత్ర రిక్షాలో వేసుకుని వచ్చి, స్టేషన్ రోడ్డులో ఒక లాడ్జి గోడ పక్కన కూర్చుంది. ఆవిడ అల్లం పచ్చడి రుచి మరిగినవాళ్ళు రైలు దిగి నేరుగా అక్కడికే వచ్చేవాళ్ళు. కోర్టు పనిమీద ఊళ్ళనుంచి వచ్చి లాడ్జిలో దిగినవాళ్ళకు పదిన్నర దాకా అదే టిఫిను.

ఆ గోడ వెంట మొత్తం తొమ్మిదిమంది ఆడవాళ్ళు సరుకు పెట్టుకునేవారు. కోటేశ్వరమ్మ పక్కన పూలమ్మే యాదవ్వ, ఆ తరవాత అరటిపళ్ళవాళ్ళు, దువ్వెనలమ్మే ఆవిడ.

అరవై మూడు వేసవిలో కోటేశ్వరమ్మకు చలిజ్వరం, నడుము పక్కన పొడిచినట్టు నొప్పి. మూడు రోజులు ఓర్చుకుని నాలుగోరోజు దవాఖానకు వెళ్ళింది. అక్కడ నళిని అనే డాక్టరమ్మ చూసింది.

"రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతారు?"

"పొద్దున బయల్దేరేటప్పుడు ఒక గ్లాసండి. మళ్ళీ సాయంత్రం ఇంటికెళ్ళాకే."

"ఇంత ఎండలో మధ్యలో ఒక్క చుక్క కూడా తాగరా?"

"తాగితే ఎక్కడికెళ్ళమంటారు?"

డాక్టరమ్మ రాస్తున్న చెయ్యి ఆగింది. "మందు ఇస్తాను. కానీ నీళ్ళు తాగకపోతే ఇదే జబ్బు మళ్ళీ వస్తుంది. ఎక్కడికెళ్ళాలో నాకూ తెలియదమ్మా. మీరే ఏదో ఒకటి చూసుకోవాలి," అంది.

తిరిగి పనిలోకి వచ్చిన రోజు కోటేశ్వరమ్మ ఆ మాట యాదవ్వతో చెప్పింది.

"నాకూ గంతే అక్కా," అంది యాదవ్వ, దండ కడుతూనే. "ఎండాకాలమొస్తే ఒకటే మంట. స్టేషన్ లోపటికి పోదామంటే ప్లాట్‌ఫారం టికెట్ కొనాలె, పూలు గీడ ఇడిచిపెట్టి పోవాలె. ఎవరికి చెప్తం? సిగ్గు గాదా?"

"సిగ్గుపడాల్సింది మనం కాదే," అంది కోటేశ్వరమ్మ.

లాడ్జి వెనక గల్లీలో, ఎప్పుడో పనివాళ్ళకోసం కట్టిన పాయఖానా ఒకటి తాళం వేసి ఉంది. ఆవిడ లాడ్జి యజమాని శ్యామ్‌సుందర్ దగ్గరికి వెళ్ళి అది తెరవమని అడిగింది. ఆయన పాతబస్తీ మనిషి, చెడ్డవాడు కాదు, కానీ లేనిపోని తలనొప్పులు పెట్టుకునే రకమూ కాదు.

"రోడ్డుమీది మందంత ఒస్తరమ్మా. గలీజ్ చేస్తరు. నా గిరాకీ ఖరాబైతది."

"తొమ్మిదిమందిమేనండి. కడిగేది మేమే, నీళ్ళు మోసేది మేమే."

"జర చూద్దాం తియ్యి," అన్నాడాయన.

పదిహేను రోజులు గడిచినా ఆయన చూడలేదు. ఒక సాయంత్రం ఆడవాళ్ళంతా కూడబలుక్కున్నారు. మర్నాడు కోటేశ్వరమ్మ మళ్ళీ వెళ్ళి, "రేపట్నుంచి మేమంతా ఎనిమిదింటికి ఇళ్ళకెళ్ళి, మళ్ళీ మధ్యాహ్నానికి వస్తామండి. నీళ్ళు తాగమంది డాక్టరమ్మ. తాగితే వెళ్ళక తప్పదు కదా," అని చెప్పి వచ్చింది.

అన్నట్టే ఎనిమిదింటికి పొయ్యి ఆర్పేసింది. తొమ్మిదింటికి లాడ్జిలో దిగినవాళ్ళు కిందికి వచ్చేసరికి గోడ పక్కన ఎవరూ లేరు. టిఫిను లేదు, పళ్ళు లేవని వాళ్ళు శ్యామ్‌సుందర్ మీద విసుక్కున్నారు. మూడోరోజుకు యాదవ్వ పూలు సగం వాడిపోయాయి. "ఫికర్ చెయ్యకు," అని యాదవ్వే ధైర్యం చెప్పింది గానీ, ఇంటికి నడుస్తుంటే కోటేశ్వరమ్మకు తన మొండితనానికి ఇంతమంది పొయ్యిలు ఆరిపోతాయేమోనని భయం వేసింది. ఆ మాటే లక్ష్మణరావుతో అంటే, "వాళ్ళు నీకోసం అమ్మకం ఆపలేదుగా, వాళ్ళకోసమే ఆపారు. ఇంకో రెండు రోజులు చూడు," అన్నాడాయన.

అయిదోరోజు తెల్లారగానే శ్యామ్‌సుందర్ పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇది ధమ్కీయా అమ్మా?"

"కాదండీ. నీళ్ళు తాగుతున్నాం, అంతే."

ఆయనకు నవ్వాగలేదు. "మా ఇంటామె విమల గూడ రాత్రి నన్నే కోప్పడ్డది. తొమ్మిదిమంది ఆడోళ్ళు గాడ పొద్దంత కూసుంటే, ఎటు పోతున్రో ఎన్నడన్న అడిగినవా అన్నది. నేనైతే అడగలే," అని జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆరోజే అందరూ కలిసి ఆ గది కడిగి, సున్నం వేశారు. రోజుకొకరు నీళ్ళు మోశారు. వంతు ఎగ్గొట్టినవాళ్ళను ఏమీ అనకుండా కోటేశ్వరమ్మే బిందె ఎత్తుకుని వాళ్ళ ముందునుంచి నడిచేది. రెండోసారి ఎగ్గొట్టడానికి వాళ్ళకు మొహం చెల్లేది కాదు. మరుసటి వేసవిలో ఆవిడ పక్కన నీళ్ళకుండ వచ్చింది. నొప్పి మళ్ళీ రాలేదు. సంగతి తెలిసి రోడ్డు అవతలి ఆడవాళ్ళూ రావడం మొదలుపెట్టారు. డెబ్భై నాటికి తొమ్మిదిమంది కాస్తా ఇరవై ఆరుగురయ్యారు.

ఆ మరుసటేడు శ్యామ్‌సుందర్ లాడ్జి పడగొట్టి మూడంతస్తులు కట్టించాలనుకున్నాడు. ప్లాను కాగితం తీసుకుని తనంతట తానే కోటేశ్వరమ్మ దగ్గరికి వచ్చి, గల్లీవైపు గీసిన రెండు చిన్న గళ్ళమీద వేలు పెట్టి చూపించాడు.

"గీ రెండు పాయఖానాలు మీకు. ఖుషేనా?"

కోటేశ్వరమ్మ చేతులు తుడుచుకుని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుందండి. మరి ఇందులో కుళాయి ఎక్కడ పెడుతున్నారు?"